ఆటుపోట్ల మీద ఉక్కు పంటు: న్యూపోర్ట్ దాటింపు వంతెన - నిర్మాణం, సందర్భం, సంరక్షణ

వ్యాససంగ్రహం

వేల్స్‌లోని రేవు నగరం న్యూపోర్ట్‌లో అస్క్ నదిమీద 1906లో ప్రారంభమైన ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జ్ ప్రపంచంలో మిగిలివున్న అరుదైన వంతెనల్లో ఒకటి. దీన్ని ఇంజనీరింగ్ వింతగా వర్ణించడం పరిపాటి. ఈ వంతెన పుట్టుకకు కారణమైన నాలుగు పరిస్థితులు ఆటుపోట్లు, పల్లపు ఒడ్లు, ఎత్తయిన ఓడలు, ఉక్కుమిల్లు కార్మికుల రాకపోకలు. వీటిని పరిశీలిస్తే అది వింత కాదనీ, ఒక కాలపు అవసరానికి దొరికిన లెక్కప్రకారం సరైన పరిష్కారమనీ తెలుస్తుంది. పరిస్థితులు మారి వంతెన మాత్రమే మిగిలినప్పుడు సంరక్షించవలసినది ఏది, కట్టడమా దాని కదలికా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: న్యూపోర్ట్, అస్క్ నది, దాటింపు వంతెన, ఆర్నోదాన్, పారిశ్రామిక వారసత్వం, ఆటుపోట్లు, కార్మిక చరిత్ర.

1. ప్రస్తావన

వంతెన అనగానే ఒక ఒడ్డునుంచి మరొక ఒడ్డుకు పరచిన దారి స్ఫురిస్తుంది. న్యూపోర్ట్ వంతెనకు అటువంటి దారి లేదు. రెండు ఒడ్డుల మీదా 73.6 మీటర్ల ఎత్తున ఉక్కు టవర్లు నిలిచి ఉంటాయి. వాటి నడుమ, నదికి చాలా ఎత్తున, ఒక పొడవాటి ఉక్కుదూలం సాగి ఉంటుంది. ఆ దూలం అడుగున పట్టాలు, పట్టాలమీద చక్రాల చట్రం, ఆ చట్రంనుంచి తీగతాళ్ళతో వేలాడుతూ రోడ్డు మట్టానికి దిగివచ్చిన ఒక వేదిక. మనుషులూ వాహనాలూ ఆ వేదికమీదికి చేరిన తరువాత గేట్లు మూస్తారు. వేదిక నీటిని తాకకుండా గాలిలో తేలుతున్నట్లుగా అవతలి ఒడ్డుకు చేరుతుంది. గోదావరి పాయల రేవుల్లో మనుషులనూ బళ్ళనూ దాటించే పంటును ఎరిగినవారికి దీని పని సులువుగానే బోధపడుతుంది. అది నీటిమీద తేలే పంటు, ఇది తాళ్ళకు వేలాడే పంటు.

ఇంగ్లీషులో దీన్ని ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జ్ అంటారు. ఫ్రెంచివారు ‘పోన్ ట్రాన్స్‌బోర్దర్’ అని పిలిచారు. వెల్ష్ భాషలో దీని పేరు ‘పోంట్ గ్లిదో కస్నెవిద్’. అందులో మొదటి మాటకు వంతెన అనీ, రెండవ దానికి మోయడం అనీ అర్థం, మూడవది న్యూపోర్ట్ నగరానికి వెల్ష్ పేరు. తెలుగులో ‘రవాణా వంతెన’ అంటే ఏ వంతెనకైనా వర్తిస్తుంది. ‘మోతవంతెన’ అంటే వెల్ష్ పేరుకు దగ్గరే కానీ, వినేవారికి బరువుకంటే ముందు చప్పుడు స్ఫురించే ప్రమాదం ఉంది. మామూలు వంతెనను మనిషి తానే దాటుతాడు. ఇక్కడ వంతెన మనిషిని దాటిస్తుంది. దాటు, దాటించు అన్న క్రియారూపాల మధ్య ఉన్న తేడాయే ఈ రెండు రకాల వంతెనల మధ్య తేడా కూడా. కనుక ఈ వ్యాసంలో ‘దాటింపు వంతెన’ అన్న మాటను వాడడమైనది.

2. నది, ఒడ్డులు, ఓడలు

అస్క్ నది న్యూపోర్ట్ దాటిన వెంటనే సెవర్న్ నది సాగరసంగమంలో కలుస్తుంది. ఆ సంగమప్రాంతం ప్రపంచంలోనే అతి ఎక్కువ ఆటుపోట్లు నమోదయ్యే చోట్లలో ఒకటి. అట్లాంటిక్ పోటు బ్రిస్టల్ చానల్ అనే గరాటులోకి చొచ్చుకువచ్చి, ఇరుకవుతున్నకొద్దీ ఎత్తు పెంచుకుంటుంది. ఆ ప్రభావం అస్క్ లోపలికి కూడా పాకుతుంది. అమావాస్య, పున్నముల ప్రాంతంలో న్యూపోర్ట్ దగ్గర పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం సుమారు 12 మీటర్లు మారుతుంది. అంటే నాలుగంతస్తుల మేడంత నీరు రోజుకు రెండుసార్లు వచ్చిపోతుందన్నమాట. పాటు సమయంలో నది సన్నని పాయగా కుంచించుకుపోయి, ఇరువైపులా ఏటవాలుగా గోధుమరంగు బురద మెరుస్తుంది.

ఈ ఒక్క విషయం గ్రహిస్తే వంతెన చరిత్రలో సగం గ్రహించినట్లే. మామూలు రేవు పడవను నడపాలంటే 12 మీటర్లు ఎక్కి దిగే నీటికి తగ్గట్టు రేవుమెట్లు కట్టాలి. పాటులో పడవ బురదలో కూరుకుపోతుంది. సొరంగం సాధ్యమే కానీ దాని ఖర్చు అప్పటి పట్టణ పాలక సంస్థకు మోయలేని భారం. తెరుచుకునే వంతెన విషయంలో చిక్కు మరొక రకమైనది. ఆటుపోట్ల నదిలో ఓడలు ఎప్పుడుపడితే అప్పుడు కదలవు, నీరు నిండిన కొద్ది గంటల్లోనే వరుసగా కదులుతాయి. ఆ గంటలన్నిటా వంతెన తెరిచే ఉంచవలసి వస్తుంది. మిల్లు సైరన్ మోగే వేళా పోటు వచ్చే వేళా ఒకటైన రోజున కార్మికుడు ఒడ్డున నిలబడి చూస్తూ ఉండవలసిందే.

మిగిలింది ఎత్తయిన వంతెన. నదికి ఎగువన పట్టణంలోని సరుకు రేవులకు తెరచాపల ఓడలు వెళ్ళేవి. వాటి కొయ్యలకు తగలకుండా ఉండాలంటే నీటిపైన ఖాళీ చాలా ఉండాలి. న్యూపోర్ట్ దూలపు అడుగుభాగాన్ని రోడ్డు మట్టానికి 54 మీటర్ల ఎత్తున ఉంచారు. ఒడ్డులు కొండగట్లయి ఉంటే దీనికి పెద్ద ఇబ్బంది లేదు. కానీ న్యూపోర్ట్ దిగువన ఒడ్డులు పల్లపు నేలలు, నిండుపోటు మట్టానికి కొద్దిగానే ఎత్తు. గుర్రపుబళ్ళు లాగగలిగేటట్టు 30కి 1 వాలుతో రోడ్డును 54 మీటర్లు ఎత్తాలంటే ఒక్కొక్క ఒడ్డున 1,600 మీటర్లకు పైగా పొడవున వాలుకట్ట కావాలి. నది వెడల్పు 200 మీటర్లకు లోపే. దాన్ని దాటడానికి మూడు కిలోమీటర్లకు మించిన కట్టలు వేయడం, అందుకోసం ఇళ్ళనూ రేవులనూ కూల్చడం ఏ లెక్కలోనూ నిలవదు.

దాటింపు వంతెన ఈ చిక్కును విప్పిన తీరు చాలా సరళమైనది. ఎత్తు ఎక్కవలసిన అవసరం నిజానికి మనుషులకూ బళ్ళకూ లేదు, పట్టాలకు మాత్రమే ఉంది. పట్టాలను నిర్మాణ సమయంలో ఒక్కసారి పైకి ఎత్తితే చాలు. ప్రయాణికుడు నేలమట్టంనుంచి నేలమట్టానికే వెళతాడు. ఓడ వస్తున్నప్పుడు వేదికను ఒడ్డున ఆపితే నది పూర్తిగా ఖాళీగా ఉంటుంది, నీటిలో ఒక్క స్తంభం కూడా అడ్డు ఉండదు.

3. మిల్లు వచ్చింది, వంతెన రావలసి వచ్చింది

నది ఎంత చిక్కయినదైనా దాటవలసిన అవసరం లేనంతకాలం వంతెన ఊసు పుట్టదు. న్యూపోర్ట్ జనావాసం, బొగ్గు ఎగుమతి చేసే అలెగ్జాండ్రా రేవు ప్రధానంగా పడమటి ఒడ్డున ఉండేవి. రేవును ఆనుకొని ఉన్న పిల్‌గ్వెన్‌లీ కార్మికుల పేట, స్థానికులు దాన్ని ముద్దుగా ‘పిల్’ అంటారు. (మన పాఠ్యపుస్తకాల్లో తీరికలేని జీవితం గురించిన చిన్న కవితతో పరిచయమైన డబ్ల్యు. హెచ్. డేవిస్ 1871లో పుట్టింది ఈ పేటలోనే.) తూర్పు ఒడ్డున స్థలం విరివిగా ఉన్నా, పరిశ్రమలు చెప్పుకోదగినన్ని లేవు.

19వ శతాబ్దం చివరి దశకంలో జాన్ లైసాట్ కంపెనీ తన రేకుల తయారీని వుల్వర్‌హాంప్టన్‌నుంచి సముద్రతీరానికి మార్చదలచింది. జస్తాపూత పూసిన ముడతల ఇనుపరేకులు ఆ కంపెనీ ముఖ్యమైన సరుకు, ఆస్ట్రేలియా ముఖ్యమైన విపణి. ఓడరేవుకు దగ్గరగా ఉండడమే లాభమని యాజమాన్యం ఎంచింది. ఆ కంపెనీని న్యూపోర్ట్ తూర్పు ఒడ్డుకు రప్పించాలని పట్టణ పాలకవర్గం ఆశించింది. ఆర్బ్ వర్క్స్ అనే మిల్లు 1898లో తూర్పు ఒడ్డున మొదలైంది. పనివారిలో చాలామంది ఉండేది పడమట. ఊరి మధ్యనున్న పాత వంతెనమీదుగా చుట్టు తిరిగి మిల్లుకు చేరాలంటే సుమారు నాలుగు మైళ్ళ నడక. పన్నెండు గంటల పనికి ముందూ వెనుకా ఆ నడకను ఊహిస్తే వంతెన కోసం ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. లాభం ప్రైవేటు కంపెనీది, వంతెన ఖర్చు పట్టణానిది. పరిశ్రమను ఆకర్షించడానికి ప్రభుత్వాలు రోడ్లూ నీళ్ళూ కరెంటూ సమకూర్చడం నేటి పారిశ్రామిక విధానాల్లో సర్వసాధారణం. దానికి న్యూపోర్ట్ వంతెన ఒక తొలినాటి ఉదాహరణ. దీన్ని కేవలం ఇంజనీరింగ్ చరిత్రగా చదివితే ఈ కోణం జారిపోతుంది.

వంతెన నిర్మాణానికి 1900లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం ద్వారా అనుమతి లభించింది. పట్టణ ఇంజనీరు రాబర్ట్ హేన్స్‌కు ఫ్రాన్స్‌లో ఫెర్దినాన్ ఆర్నోదాన్ కడుతున్న కొత్తరకం వంతెనల సంగతి తెలుసు. చివరికి ఆర్నోదాన్ రూపకల్పన, హేన్స్ పర్యవేక్షణ కలిసి పని సాగింది. నిర్మాణం 1902లో మొదలై 1906లో ముగిసింది. వ్యయం సుమారు 98,000 పౌండ్లు. 1906 సెప్టెంబరు 12న వైకౌంట్ ట్రెడెగర్ వంతెనను ప్రారంభించాడు. ఈయన 1854 క్రిమియా యుద్ధంలో లైట్ బ్రిగేడ్ అశ్వికదాడిలో పాల్గొని ప్రాణాలతో బయటపడినవాడు, ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి. అశ్వికయుగపు మనిషి విద్యుత్తుతో నడిచే వంతెనను ప్రారంభించడం ఆ కాలపు సంధిదశకు తగిన దృశ్యం.

4. ఆర్నోదాన్ పద్ధతి

వేలాడే వేదికతో నది దాటించవచ్చునన్న ఆలోచన ఆర్నోదాన్‌తో మొదలుకాలేదు. ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌కు చెందిన చార్లెస్ స్మిత్ 1870వ దశకం తొలినాళ్ళలోనే మిడిల్స్‌బరో పట్టణానికి ఇటువంటి ప్రతిపాదన చేశాడు. అప్పుడు దాన్ని ఎవరూ స్వీకరించలేదు. (అదే మిడిల్స్‌బరో 1911లో తన దాటింపు వంతెనను కట్టుకుంది.) తొలి వంతెన స్పెయిన్‌లో బిల్బావ్ సమీపాన 1893లో వెలసింది. విస్కాయా వంతెనగా పేరొందిన దాన్ని వాస్తుశిల్పి అల్బెర్తో దె పలాసియో ఆర్నోదాన్‌తో కలిసి నిర్మించాడు. ఆ తరువాత బిజెర్త్, రువాన్, రోష్‌ఫోర్, నాంత్, మార్సేయ్ నగరాల్లో ఆర్నోదాన్ వంతెనలు వరుసగా లేచాయి. న్యూపోర్ట్‌ది ఆ వరుసలోనిదే.

ఆర్నోదాన్ ప్రధానంగా తీగతాళ్ళ నిపుణుడు. పాత వేలాడు వంతెనల మరమ్మతుల్లో అనుభవం గడించినవాడు. ఆ అనుభవం న్యూపోర్ట్ రూపంలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండు టవర్ల మధ్య దూరం సుమారు 197 మీటర్లు. ఇంత పొడవున్న దూలాన్ని తన బలంమీదనే నిలబెట్టాలంటే చాలా బరువైన ఉక్కు కావాలి. ఆర్నోదాన్ దూలాన్ని తేలికగా ఉంచి, మోసే పనిని తాళ్ళకు అప్పగించాడు. నడిమి భాగాన్ని వేలాడు వంతెనలో మాదిరిగా పెద్ద తాళ్ళనుంచి నిలువు తాళ్ళతో వేలాడదీశాడు. టవర్లకు దగ్గరగా ఉన్న భాగాలను టవరు శిఖరంనుంచి ఏటవాలుగా దిగే తాళ్ళతో పట్టి ఉంచాడు. అంటే ఒకే వంతెనలో రెండు పద్ధతులు కలిసి ఉన్నాయి. టవర్లు లోపలికి వాలకుండా వెనుకవైపు తాళ్ళు ఒడ్డున దూరంగా ఉన్న బరువైన రాతికట్టడాలకు లంగరు వేసి ఉంటాయి. నదివైపునుంచి చూసేవారు సాధారణంగా ఈ రాతికట్టడాలను గమనించరు. అవి లేకపోతే టవర్లు నిలవవు.

వేదికను గొండోలా అంటారు. పొడవు సుమారు 10 మీటర్లు, వెడల్పు సుమారు 12 మీటర్లు. ఆరు కార్లూ 120 మంది పాదచారులూ ఒక విడతలో దాటవచ్చు. తూర్పు ఒడ్డున ఉన్న యంత్రగదిలో 35 హార్స్‌పవర్ విద్యుత్ మోటార్లు రెండు ఒక పెద్ద డ్రమ్మును తిప్పుతాయి. డ్రమ్ముకు చుట్టిన తాడు పైన ఉన్న చక్రాల చట్రాన్ని ఇటూ అటూ లాగుతుంది. ఇంత పెద్ద కట్టడానికి అంత చిన్న మోటార్లు ఎలా సరిపోతాయన్న సందేహం కలగడం సహజం. బరువును పైకి ఎత్తే పని ఇక్కడ లేనే లేదు. సమతలమైన పట్టాలమీద దొర్లించడం, గాలి ఒత్తిడిని తట్టుకోవడం మాత్రమే మోటార్ల వంతు. గొండోలా వేగం సెకనుకు సుమారు మూడు మీటర్లు. ఒడ్డునుంచి ఒడ్డుకు చేరడానికి నిమిషానికి కొద్దిగా ఎక్కువ పడుతుంది. గాలి ఉధృతంగా ఉన్న రోజుల్లో నడపడం మానుకుంటారు. వేలాడే వస్తువుకు అది తప్పని పరిమితి.

మరొక పరిమితి ముందునుంచీ ఉన్నదే, కానీ 1906లో అది లోపంగా తోచలేదు. ఎక్కించడం, దాటించడం, దించడం కలిపి ఒక్కొక్క విడతకు నాలుగైదు నిమిషాలు పడుతుందని అంచనా వేసుకున్నా, గంటకు ఒక దిశలో దాటే కార్లు సుమారు నలభై మాత్రమే. నిరంతరం సాగే రోడ్డులో ఒక్క వరుస గంటకు వెయ్యికి పైగా వాహనాలను దాటించగలదు. కార్మికుల గుంపులకు 120 మంది విడత చక్కగా సరిపోయింది. మోటారు వాహనాల ప్రవాహానికి సరిపోలేదు. వంతెన అలాగే ఉంది, దాన్ని కొలిచే గజంబద్ద మారింది.

5. సందర్శన: చూడవలసిన క్రమం

వంతెన దగ్గరికి వెళ్ళేవారు ఎక్కువగా ఒకసారి గొండోలాలో దాటి, పైకెక్కి ఫొటోలు తీసుకొని తిరిగివస్తారు. అధ్యయనదృష్టితో వెళ్ళేవారు ముందుగా ఆటుపోట్ల పట్టిక చూసుకోవడం మేలు. పాటు వేళ చేరి ఆరు గంటలు ఓపిక పడితే, ఒకే చోట నిలబడి రెండు నదులను చూసినట్లవుతుంది. బురదవాలు మునిగి, నీరు ఒడ్డు అంచుకు వచ్చే కొద్దీ రేవు పడవను ఎందుకు కాదన్నారో, ఒడ్డుమట్టం ఎంత పల్లమో పుస్తకం అక్కరలేకుండానే అర్థమవుతుంది.

వంతెనను పడమటి ఒడ్డునుంచి, అంటే పిల్ వైపునుంచి చూడడం మొదలుపెడితే కార్మికుడి దారి తెలుస్తుంది. రోడ్డు నేరుగా టవరు కాళ్ళ మధ్యకు వెళ్ళి అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ అంచుకు గొండోలా వచ్చి ఆనుకుంటుంది. గొండోలా కదిలినప్పుడు కింద కుదుపు దాదాపు ఉండదు. తల ఎత్తి చూస్తే చక్రాల చట్రం పట్టాలమీద దొర్లుతూ, తాళ్ళన్నీ తనతో లాక్కువెళ్ళడం కనిపిస్తుంది. తూర్పు ఒడ్డున దిగినవారు యంత్రగదిని చూడకుండా వెనుదిరగరాదు. డ్రమ్మూ మోటార్లూ చూసిన తరువాతే వంతెన మొత్తం ఒక యంత్రమన్న స్పృహ కలుగుతుంది.

టవరు మెట్లు సుమారు 270. అవి ఎక్కి దూలంమీది నడవాద్వారా నది దాటవచ్చు. ఎత్తు భయమున్నవారికి అది తగిన పని కాదు. పైనుంచి చూస్తే రేవులు, సెవర్న్ సంగమం, తూర్పు ఒడ్డు పరిశ్రమల నేలలు, ఎగువన కొత్త వంతెనలు ఒకే పటంగా పరుచుకొని ఉంటాయి. ఎగువన కనిపించే వంతెనలే ఈ కథలో తరువాతి అధ్యాయం.

వెళ్ళే ముందు వంతెన తెరిచి ఉన్నదీ లేనిదీ నగర పాలక సంస్థ ప్రకటనలద్వారా తెలుసుకోవడం తప్పనిసరి. మరమ్మతులకోసం దీర్ఘకాలం మూసివుంచిన సందర్భాలు దీని చరిత్రలో పలుమార్లు ఉన్నాయి.

6. చిత్రాల్లో నిలిచిన వంతెనలు

దాటింపు వంతెనలకు కళాచరిత్రలో కూడా చోటు ఉంది. మార్సేయ్ వంతెన 1920వ దశకంలో ఆధునికవాద ఛాయాచిత్రకారులకు తీర్థక్షేత్రమైంది. లాస్లో మొహోలీ-నాగీ, జెర్మేన్ క్రుల్ వంటివారు దాని ఉక్కుజాలంలోంచి కిందికి చూస్తూ చిత్రాలు తీశారు. జీగ్‌ఫ్రీడ్ గీడియన్ 1928లో ఫ్రెంచి నిర్మాణాలపై వెలువరించిన గ్రంథపు ముఖచిత్రం ఆ వంతెనదే. రోష్‌ఫోర్ వంతెన జాక్ దెమీ 1967లో తీసిన సంగీతచిత్రం ప్రారంభదృశ్యంలో కనిపిస్తుంది. న్యూపోర్ట్ వంతెన 1959నాటి ‘టైగర్ బే’ చిత్రంలో ఉంది. కథ కార్డిఫ్ రేవుదైనా వంతెన మాత్రం పొరుగు నగరం నుంచి అరువు తెచ్చుకున్నది.

ఆధునికవాదులు ఈ వంతెనల్లో శుద్ధరూపాన్ని చూశారు: గీతలు, శూన్యం, పారదర్శకత. ఆ చూపుకు విలువ ఉంది, కానీ అందులో ఒక లోటు కూడా ఉంది. ఉక్కుగీతల కింద వేదికమీద నిలబడి పనికి వెళ్ళే మనిషి ఆ చిత్రాల్లో చుక్కగా మిగులుతాడు. న్యూపోర్ట్‌ను ఆ చూపుతోనే చదివితే వంతెనకు కారణమైన మనిషే కనుమరుగవుతాడు. పారిశ్రామిక వారసత్వంపై రాసే వ్యాసాల్లో ఈ ధోరణి నేటికీ పోలేదు.

7. కారణాలు పోయిన తరువాత

న్యూపోర్ట్ వంతెనకు ఆధారమైన కారణాలు ఒక్కొక్కటే తొలగిపోయాయి. ఎగువన 1964లో జార్జ్ స్ట్రీట్ వంతెన వచ్చింది. బ్రిటన్‌లో ఏటవాలు తాళ్ళ పద్ధతిలో కట్టిన తొలి రోడ్డు వంతెనల్లో అది ఒకటి. 2004లో ఇంకా దగ్గరగా సిటీ బ్రిడ్జ్ అనే కమాను వంతెన తయారైంది. రెండూ తక్కువ ఎత్తువే. ఎత్తయిన ఓడలు పైకి వెళ్ళే రోజులు పోయాయి గనుకనే అంత తక్కువ ఎత్తులో కట్టగలిగారు. వాటిని కట్టిన తరువాత 54 మీటర్ల ఎత్తుకు పని లేకుండాపోయింది. వాహనాలు నిరంతర రోడ్డును ఎంచుకున్నాయి.

ఇక మిల్లు. ఆర్బ్ వర్క్స్ కాలక్రమంలో రేకులనుంచి ట్రాన్స్‌ఫార్మర్లకూ మోటార్లకూ వాడే ప్రత్యేక విద్యుత్ ఉక్కు తయారీకి మళ్ళింది. 2007లో కోరస్ సంస్థను కొనుగోలు చేయడంతో అది టాటా స్టీల్ చేతికి వచ్చింది. 2019 సెప్టెంబరులో టాటా స్టీల్ ఆ మిల్లును మూసివేసే నిర్ణయాన్ని ప్రకటించింది. వంతెనను పుట్టించిన మిల్లు ఆ విధంగా ఆగిపోయింది, వంతెన నిలిచింది. ఒక బ్రిటిష్ పట్టణం సొంత ఖర్చుతో దారి వేసి రప్పించుకున్న పరిశ్రమ భవిష్యత్తు, శతాబ్దం గడిచాక భారతీయ యాజమాన్యం నిర్ణయంమీద ఆధారపడిందన్నది వలసచరిత్ర చదివేవారు ఆలోచించవలసిన విషయం.

వంతెన నిలవడం కూడా తేలికగా జరగలేదు. అరుగుదల కారణంగా 1985లో మూతపడింది. సుమారు 30 లక్షల పౌండ్ల మరమ్మతు తరువాత 1995లో మళ్ళీ తెరిచారు. 2007 చివరలో మరోసారి ఆగి, 12 లక్షల పౌండ్లకు పైబడిన ఖర్చుతో 2010 జులైలో కదిలింది. ఆ తరువాత కొత్త సందర్శక కేంద్రంతో కూడిన భారీ పునరుద్ధరణకు జాతీయ లాటరీ వారసత్వ నిధినుంచి 87.5 లక్షల పౌండ్లు మంజూరయ్యాయి. వంతెన మొదటి గ్రేడు రక్షిత కట్టడం. ‘ఫ్రెండ్స్ ఆఫ్ న్యూపోర్ట్ ట్రాన్స్‌పోర్టర్ బ్రిడ్జ్’ అన్న స్వచ్ఛంద బృందం దాని పక్షాన పనిచేస్తోంది. అయినా ప్రశ్న మిగిలే ఉంది. ప్రజాధనంతో నడిచే ఈ కదలికవల్ల ఎవరికి ప్రయోజనం? కార్మికుల రాకపోకలకోసం కట్టిన వంతెనమీద నేడు ప్రయాణించేది ముఖ్యంగా సందర్శకులు.

గొండోలాను ఒడ్డున శాశ్వతంగా ఆపివేసి, టవర్లకు రంగులు వేస్తూ ఉంచితే ఖర్చు తగ్గుతుంది. అప్పుడు మిగిలేది వంతెన ఆకారంలో ఉన్న స్మారకం. మేడ నిశ్చలంగా ఉన్నా మేడే. ఇది కదలకపోతే నదికి వంతెన లేనట్లే, ఎందుకంటే దాటించే పనిని కదలిక తప్ప మరేదీ చేయదు. కనుక దీని ప్రామాణికత ఉక్కులో కంటే కదలికలో ఎక్కువగా ఉందని చెప్పడం సమంజసం. ఈ వాదానికి జర్మనీలోని రెండ్స్‌బర్గ్ ఒక బలమైన ఉదాహరణ. 1913నాటి ఆ వంతెన గొండోలాను 2016లో ఒక ఓడ ఢీకొంది. దెబ్బతిన్న గొండోలా పనికిరాకపోవడంతో కొత్తది తయారుచేసి 2022లో రాకపోకలను పునరుద్ధరించారు. పాత వేదికను ప్రదర్శనశాలలో పెట్టి సరిపెట్టుకోకుండా, దాటించడాన్నే కొనసాగించారు.

విస్కాయా వంతెన పరిస్థితి వేరు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ వంతెనమీద ఇరు ఒడ్డుల పట్టణవాసులు ఇప్పటికీ నిత్యం పనులకు వెళ్ళివస్తారు. అక్కడ పక్కనే తక్కువ ఎత్తు వంతెన రాలేదు, ఇరువైపులా జనసాంద్రత తగ్గలేదు. వాడకమే ఆ వంతెనకు సంరక్షణ. ఇందుకు భిన్నంగా రువాన్ వంతెన 1940లో, మార్సేయ్ వంతెన 1944లో యుద్ధంలో పోయాయి. నాంత్‌ది 1958లో, ఇంగ్లండ్‌లోని విడ్నెస్-రన్‌కార్న్ వంతెన 1961లో కూల్చివేతకు గురయ్యాయి. బోర్దోలో మొదలుపెట్టిన వంతెన పూర్తికాకుండానే మిగిలింది. మిడిల్స్‌బరో వంతెన భద్రతా కారణాలతో 2019లో ఆగింది. ప్రపంచవ్యాప్తంగా కట్టినవి రెండు డజన్లకు లోపే, మిగిలినవి పదికి లోపే. ఈ నేపథ్యంలో న్యూపోర్ట్ ఎటు వెళుతుందన్నది ఒక్క నగరపు సమస్య కాదు.

న్యూపోర్ట్ విషయంలో పరిశోధనకు ఆస్కారమున్న ఒక దారి ఇంకా ఉంది. ఇంజనీరింగ్ వివరాలు, కొలతలు, నమూనాలు బాగానే నమోదయ్యాయి. వాడకపు చరిత్ర వేరు. ఏ దశాబ్దంలో కార్మికులు గొండోలాను వదిలి బస్సెక్కారు, ఎప్పుడు కార్లవైపు మళ్ళారు, మిల్లు పనిగంటలు మారినప్పుడు వంతెన వేళలు మారాయా అన్నవి నగర పాలక సంస్థ పద్దులనుంచీ పిల్, లైసాట్ కార్మిక కుటుంబాల జ్ఞాపకాలనుంచీ కలిపి రాబట్టవలసిన అంశాలు. ఆర్బ్ వర్క్స్ చివరి తరం ఉద్యోగులు ఇంకా ఆ నగరంలోనే ఉన్నారు.